ఫ్రిజ్‌లో పెట్టినా పాడవుతున్నాయా? కారణం ఇక్కడ చూడండి

ఫ్రిజ్‌లో పదార్థాలు పాడైతే ముందు అనుమానం గ్యాస్ మీదకే పోతుంది. చాలావరకు తప్పు మనం సర్దే తీరులోనే ఉంటుంది.

కొత్తిమీర రెండు రోజులకే నల్లబడి జిగురుగా అవుతోంది

కారణం తడి. మెహదీపట్నం రైతుబజార్ అయినా, ఎర్రగడ్డ అయినా ఆకుకూరలు వాడిపోకుండా నీళ్లు చల్లుతూనే ఉంటారు. ఆ తడి కట్టను అలాగే కవర్లో ముడేసి పెడితే కుళ్లక ఏమవుతుంది? ఇంటికి రాగానే కట్ట విప్పండి. దారం బిగించిన చోటే కాడలు ముందు నలిగి నల్లబడతాయి. పాడైన ఆకులు ఏరేసి, వేర్లు కోసి, నూలు గుడ్డ మీద కాసేపు నీడలో ఆరబెట్టండి. కడగడం వాడే ముందే. ఆరాక పొడి గుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టండి, గుడ్డ చెమ్మగిల్లితే మార్చండి. పచ్చిమిర్చికీ ఇదే పద్ధతి, కాకపోతే తొడిమలు తీసేయాలి.

తడి లేకపోయినా ఆకు పసుపురంగుకు తిరుగుతోందంటే పక్కన ఏముందో చూడండి. మామిడిపండు, ఆపిల్, పండిన టమాటా ఇథిలీన్ అనే వాయువు వదులుతాయి. దానివల్ల ఆకులు త్వరగా పండిపోతాయి. వాటిని వేరే అరలోకి మార్చండి.

రాత్రి కూర, అన్నం పొద్దున్నకే తేడాగా ఉంటున్నాయి

అవి ఫ్రిజ్‌లోకి ఎప్పుడు వెళ్లాయి? వండినవి రెండు గంటల్లోపు, ఎండ 32 డిగ్రీలు దాటిన రోజుల్లో గంటలోపే లోపల పెట్టాలి. హైదరాబాద్ వేసవిలో గంటే అనుకోండి. పొగలు కక్కే పెద్ద గిన్నెను లోపల పెట్టకూడదన్నది నిజమే. అలాగని చల్లారే వంకతో రాత్రంతా గట్టు మీద వదిలేస్తే అంతకన్నా ప్రమాదం. లోతు తక్కువ డబ్బాల్లోకి సర్దితే త్వరగా చల్లారుతుంది.

అన్నంతో మరీ జాగ్రత్త. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. అన్నం బయట ఉండిపోతే అవి పెరిగి విషం తయారుచేస్తాయి, మళ్లీ వేడిచేసినా ఆ విషం పోదు. వాసన రాలేదు కదా అని పులిహోర కలిపేయకండి. మిగిలిన బిర్యానీకీ అదే లెక్క.

వెనక పెట్టిన దోసకాయ గడ్డకడుతోంది, డోర్‌లో పాలు విరుగుతున్నాయి

వెనక గోడ దగ్గర చలి ఎక్కువ, తీసిన ప్రతిసారీ వేడి గాలి తగిలే డోర్‌లో తక్కువ. పాలు లోపలి అరలోకి, సాస్ సీసాలు డోర్‌లోకి మార్చండి. గాలి వచ్చే రంధ్రాలకు గిన్నెలు అడ్డం పెట్టకండి. డయల్ మీది అంకెలు డిగ్రీలు కావు. గ్లాసు నీళ్లలో ఫ్రిజ్ థర్మామీటర్ వేసి రాత్రంతా మధ్య అరలో ఉంచండి. 4 డిగ్రీలు, అంతకన్నా తక్కువ చూపిస్తే చాలు.

ఇడ్లీ పిండి పులిసిపోతోంది

బాగా పొంగేదాకా ఆగకుండా కాస్త పొంగగానే లోపల పెట్టండి. రెండు డబ్బాల్లో ఉంచితే అంతా పదేపదే బయటికి తీయక్కర్లేదు.

కూరగాయల డ్రాయర్ కింద నీళ్లు

వెనక గోడ అడుగున నీళ్లు పోయే చిన్న రంధ్రం ఉంటుంది. ఆకు ముక్కో, మెతుకో అడ్డం పడి ఉంటుంది. నెమ్మదిగా తీసేసి, కాస్త గోరువెచ్చని నీళ్లు పోయండి.

అన్నీ సరిగ్గానే ఉన్నా చల్లదనం లేదు

డోర్‌లో కాగితం పెట్టి మూసి లాగండి. సులువుగా జారి వచ్చేస్తే రబ్బరు పట్టు వదిలిందన్నమాట. ముందు సబ్బునీళ్లతో జిడ్డు తుడిచి మళ్లీ చూడండి. అప్పటికీ పట్టకపోతే రబ్బరు మార్పించాల్సిందే.