స్పోర్ట్స్ కారు బ్రేకులు: ప్యాడ్లు, డిస్కులు ముందే అరిగిపోతుంటే

"ప్యాడ్లు ఎన్ని కిలోమీటర్లు వస్తాయి?" అని ఎవరైనా అడిగితే నేను ఎదురు ప్రశ్న వేస్తాను: ఎంత వేగం నుంచి, ఎన్నిసార్లు తొక్కుతున్నారు? హైదరాబాద్‌లో ఆదివారం పొద్దున్నే ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద ఓ రౌండు కొట్టి ఇంటికొచ్చే కారుకు ప్యాడ్లు (డిస్కును నొక్కి కారును ఆపే బిళ్ళలు) 40 వేల కిలోమీటర్లు దాటినా వింతేం లేదు. అదే కారును శ్రీపెరుంబుదూరు దగ్గరి మద్రాసు రేసు ట్రాక్‌కు తీసుకెళ్తే అవే ప్యాడ్లు రెండు రోజుల్లో అయిపోవచ్చు. లెక్క వేసి చూడండి. 1,500 కిలోల కారు గంటకు 200 కిలోమీటర్ల వేగం నుంచి 80కి దిగితే, ఆ నాలుగు సెకన్లలో పుట్టే వేడితో ఆరు లీటర్ల చన్నీళ్ళు మరిగించొచ్చు. బ్రేకుల ఆయుష్షు తినేది ఈ వేడే.

ముందు కొలవండి

కొత్త ప్యాడులో అరిగే పదార్థం మామూలుగా 10-12 మిల్లీమీటర్లు ఉంటుంది. రోడ్డు మీద తిరిగే కారైతే 3 దగ్గర మార్చేయాలి. ట్రాక్‌కు వెళ్ళే ముందు మాత్రం సగం కూడా మిగల్లేదంటే నేను కొత్తవి వేయిస్తాను. పలచబడిన ప్యాడు వేడిని ఆపలేదు, నేరుగా ప్యాడ్లను నొక్కే కాలిపర్‌లోకి, బ్రేక్ ఫ్లూయిడ్‌లోకి పంపేస్తుంది.

డిస్కు (చక్రంతో పాటు తిరిగే పళ్ళెం, కొందరు రోటర్ అంటారు) కనీస మందం దాని మీదే చెక్కి ఉంటుంది. కొత్త మందానికీ దానికీ తేడా చాలా కార్లలో 2 మిల్లీమీటర్లే. వెర్నియర్‌తో ఊరికే కొలిస్తే అంచున అరగకుండా మిగిలిన గట్టు మందం వస్తుంది, డిస్కు బాగానే ఉందనుకుని మోసపోతాం. అందుకే డిస్కుకు అటొకటి ఇటొకటి రూపాయి బిళ్ళలు పెట్టి, వాటి మీదుగా కొలిచి, బిళ్ళల మందం తీసేస్తాను.

పెడల్ మెత్తబడి కిందికి పోతోందా? గట్టిగానే ఉన్నా కారు ఆగట్లేదా?

ఈ రెంటినీ 'ఫేడ్' (వేడికి బ్రేకుల పట్టు తగ్గడం) అని ఒకే గాటన కట్టేస్తారు. కారణాలు వేరు, మందులూ వేరు.

పెడల్ స్పాంజిలా మెత్తబడిందంటే ఫ్లూయిడ్ మరిగింది. లోపల ఆవిరి బుడగలు చేరాయి, మీ కాలి బలం వాటిని నొక్కడానికే సరిపోతోంది. డాట్ 4 రకం ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. కానీ అది గాల్లోని తేమను పీల్చుకుంటుంది. తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోవచ్చు. మన కోస్తా ఉక్కపోతలో రెండేళ్ళు దాటిన ఫ్లూయిడ్‌తో ట్రాక్ ఎక్కడం ప్రాణాలతో చెలగాటం. పాతదంతా తీయించి, కొత్తది పోయించి, నాలుగు చక్రాలూ బ్లీడ్ చేయించండి, అంటే బ్రేకు పైపుల్లోని గాలి తీయించండి. అన్నట్టు, డాట్ 5.1, డాట్ 5 ఒకటి కాదు. రెండోది సిలికాన్, మీ కారులో పోయనివ్వకండి.

పెడల్ రాయిలా ఉండి కారు ఆగకపోతే తప్పు ప్యాడుది. అది తట్టుకునే వేడి దాటిపోయింది. విప్పి చూస్తే ముఖం అద్దంలా మెరుస్తుంటుంది. పైపైన మెరుపే అయితే ఎమ్రీ కాగితంతో రుద్దితే చాలు. మళ్ళీ మళ్ళీ అవుతుంటే ఎక్కువ వేడికి తగిన ప్యాడ్లు వేసుకోవాలి. అవి చల్లగా ఉన్నప్పుడు సరిగా పట్టవు, కీచుమంటాయి, డిస్కునూ ఎక్కువ తింటాయి. రోజూ ఆఫీసుకు అదే కారైతే రెండు సెట్లు పెట్టుకుని మార్చుకోవడం మేలు.

బ్రేక్ వేస్తే స్టీరింగ్ వణుకుతోంది

మెకానిక్ చూడకుండానే "డిస్కు బెండ్ తిరిగింది సార్" అంటాడు. నాకూ అన్నారు. ట్రాక్‌లో గట్టిగా తిప్పి, నేరుగా పిట్‌లోకి వచ్చి, బ్రేక్ మీద కాలు పెట్టుకునే ముచ్చట్లు చెప్పుకున్నాను. తిరుగు ప్రయాణంలో మొదటి టోల్ గేటు దగ్గర మొదలైంది వణుకు. ఓ వర్క్‌షాపులో రెండు డిస్కులూ మార్చాలని ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. నిజానికి కాగిన డిస్కుకు ప్యాడు అంటుకుని, ఆ చోట పదార్థం మచ్చలా మిగిలింది, అంతే. ఖాళీ రోడ్డు మీద 100 నుంచి 20కి, పూర్తిగా ఆపకుండా, ఎనిమిది తొమ్మిదిసార్లు గట్టిగా తగ్గించి, తర్వాత పది నిమిషాలు బ్రేక్ ముట్టకుండా నడిపాను. వణుకు పోయింది.

అలా పోకపోతే డిస్కు విప్పించి, అది కూర్చునే హబ్ ముఖం మీద తుప్పు గీకించండి. డిస్కు ఎంత ఊగుతోందో డయల్ గేజ్ పెట్టి చూడమనండి. చక్రం బోల్టులు టార్క్ రెంచ్‌తోనే (ఎంత బిగువో కొలిచే పానా) బిగించాలి. ఇవన్నీ అయ్యాకే కొత్త డిస్కుల మాట.

వెనక ప్యాడ్లు ముందే అయిపోయాయి

ముందు చక్రాల మీదే భారం ఎక్కువ కదా అని తల గోక్కుంటాం. ట్రాక్‌లో స్టెబిలిటీ కంట్రోల్ ఆన్‌లో ఉంచి మలుపుల్లో దూకుడుగా వెళ్తుంటే, కారును దారిలో ఉంచడానికి కంప్యూటర్ తనే వెనక బ్రేకులు పడుతుంటుంది. నేర్చుకునేవాళ్ళు దాన్ని ఆపేయొద్దు. ప్యాడ్లు పోతే పోనీ, స్టీరింగ్, యాక్సిలరేటర్ మృదువుగా వాడటం నేర్చుకుంటే వాటంతటవే ఎక్కువ రోజులొస్తాయి.

ఒకే ప్యాడు ఏటవాలుగా అరిగితే కాలిపర్ స్లైడ్ పిన్ను పట్టేసిందేమో చూడండి. శుభ్రం చేసి బ్రేక్ గ్రీజు రాస్తే సరిపోతుంది.

డిస్కు మీద పగుళ్ళు

సాలెగూడు లాంటి సన్నని గీతలు వేడి వల్ల వస్తాయి, కంగారొద్దు. గోరు గీస్తే అందులో ఇరుక్కునే పగులు, ఒక రంధ్రం నుంచి ఇంకో రంధ్రానికి పాకింది, అంచుకు చేరింది... వీటిలో ఏది కనిపించినా ఆ డిస్కుతో ఇంటిదాకా కూడా నడపొద్దు.

వానలో తడిసిన కారు తెల్లారి బ్రేక్ వేస్తే గరగరమనడం పైతుప్పే. నాలుగుసార్లు తొక్కితే పోతుంది.

కార్బన్ సిరామిక్ డిస్కులైతే

పోర్షే 911 జీటీ2తో 2001లో వచ్చిన పసుపు కాలిపర్ల రకం ఇదే. ఇవి ఇనుప డిస్కుల్లో సగం బరువే. మందం చూస్తే వీటి అరుగుదల సరిగా తెలియదు. వేడికి లోపలి కార్బన్ కాలిపోతూ బరువు తగ్గుతుంది కాబట్టి విప్పి తూకం వేసి, డిస్కు మీద రాసిన కనీస బరువుతో పోల్చాలి. చక్రం తీసేటప్పుడు రిమ్ము తగిలినా అంచు పెచ్చు లేస్తుంది. బోల్టు రంధ్రంలో గైడ్ పిన్ను బిగించాకే చక్రం లాగమని పంక్చర్ షాపులో ముందే చెప్పండి.