ఎక్కువ గంటల పని గిట్టుబాటవుతోందా? మీ లెక్క మీరే తేల్చుకోవడం ఎలా

రాత్రి తొమ్మిదిన్నరకి బెంగళూరు మారతహళ్ళిలో ఏ ఆంధ్రా మెస్సులోకి వెళ్ళినా ఐటీ ఉద్యోగులు ఇద్దరు ముగ్గురైనా కనిపిస్తారు, కుడి చేత్తో పప్పన్నం కలుపుతూ, ఎడమ చేత్తో ఫోన్‌లో ఆఫీసు కాల్‌ని మ్యూట్ నొక్కుతూ. నేనూ ఆరేళ్ళు అలాగే తిన్నాను. ఏ రోజు ఏ కూర వేశారో కూడా గుర్తుండేది కాదు.

2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ సుబ్రహ్మణ్యన్ గారు 90 దాకా తీసుకెళ్ళి, ఆదివారాన్నీ అందులో కలిపేశారు. రెండుసార్లూ మా ఆఫీసు క్యాంటీన్‌లో వారం రోజులు వాదన నడిచింది. వాదించినవాళ్ళలో ఎవరికీ తాము వారానికి ఎన్ని గంటలు పనిచేస్తున్నారో తెలియదు. నాకూ తెలియదు. అందుకే ముందు లెక్క, తర్వాతే వాదన.

1. రెండు వారాలు పద్దు రాయండి

జేబులో పట్టే చిన్న నోట్‌బుక్ కొనండి. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో రాయకండి, అది మీది కాదు. ఇంట్లోంచి బయల్దేరిన టైము, సీట్లో కూర్చున్న టైము, లేచిన టైము, ఇంటికి చేరిన టైము రాయండి. ఇంటికొచ్చాక మళ్ళీ ల్యాప్‌టాప్ తెరిస్తే అది కూడా. ఆదివారం "ఒక్క ఐదు నిమిషాలు" అని మొదలైన పని ఎక్కడ తేలిందో తప్పకుండా రాయండి.

ప్రతి గంట పక్కన ఒక అక్షరం పెట్టండి. నిజంగా పనిచేస్తే "ప". కొత్త విషయం నేర్చుకుంటే "నే". ఎవరి జవాబు కోసమో, బిల్డ్ (రాసిన కోడ్ ప్రోగ్రామ్‌గా తయారవడం) కోసమో, అప్రూవల్ కోసమో ఎదురుచూస్తే "ఎ". పని అయిపోయినా మేనేజర్ ఇంకా సీట్లోనే ఉన్నారని కూర్చుంటే "క", అంటే కనిపించడం కోసం. ఈ చివరి అక్షరం రాయడానికి మొదట్లో చెయ్యి రాదు. రాత్రి పడుకునే ముందు రాస్తే కొంచెం నిజాయితీగా వస్తుంది.

రెండు వారాల తర్వాత నాకు తేలిన సగటు ఇది: వారానికి పని 64 గంటలు, కె.ఆర్. పురం వైపు నుంచి బెళ్ళందూరుకి రానుపోను ప్రయాణం 12 గంటలు. ఆ 64లో "ప" 38, "నే" 4, "ఎ" 13, "క" 9. వారానికి తొమ్మిది గంటలు నేను కుర్చీకి కాపలా కాశానన్నమాట.

2. గంటకి ఎంత పడుతోందో చూడండి

ఈ మెట్టు నాకు నేర్పింది మా నాయన. అనంతపురం దగ్గర మాకు కొంచెం మెట్ట పొలం ఉంది. ఒకసారి ఫోన్‌లో అడిగారు, "ఒరేయ్, ట్రాక్టరోడు గంటకి వెయ్యి అడుగుతాండాడు. నీకు గంటకి ఎంత పడతాంది?" నేను నెల జీతం చెప్పాను. "నెలది కాదురా, గంటది" అన్నారు. జవాబు చెప్పలేకపోయాను.

లెక్క కష్టమేం కాదు. అప్పట్లో నా చేతికొచ్చే జీతం 72,000. ఆఫర్ లెటర్ ప్రకారం వారానికి 45 గంటలు. సంవత్సరంలో 52 వారాలు కాబట్టి నెలకి 4.33 వారాలు, అంటే సుమారు 195 గంటలు. గంటకి 369 రూపాయలు. బాగానే ఉంది. ఇప్పుడు నోట్‌బుక్ తీయండి. ప్రయాణంతో కలిపి వారానికి 76 గంటలు, నెలకి 329. గంట ధర 219కి పడిపోయింది.

అంతటితో ఆగకండి. ఆలస్యమవడం వల్లే అయ్యే ఖర్చు తీసేయండి: రాత్రి ఆటో, వండుకునే ఓపిక లేక తెప్పించుకున్న బిర్యానీ, శనివారం నిద్రలో పోయి ఆ తర్వాత రెట్టింపు డబ్బుతో చేయించుకున్న చిన్నా చితకా పనులు. నాకది నెలకి తొమ్మిది వేలు తేలింది. 63,000ని 329తో భాగిస్తే 191. నాయనకి ఆ అంకె చెప్పలేదు.

3. గంటల్ని జల్లించండి

ఇప్పుడు అక్షరాల వారీగా చూడండి. "నే" గంటలు ఎన్ని ఉన్నా పర్వాలేదు, వాటి ఫలితం తర్వాతి ఉద్యోగంలోనూ మీతోనే వస్తుంది. "ప" గంటల్లో ఒక తేడా గమనించండి. రాత్రి పది తర్వాత చేసిన "ప"లో మర్నాడు సరిదిద్దాల్సి వచ్చింది ఎంత? నా నోట్‌బుక్‌లో రాత్రి రాసిన కోడ్‌ని మర్నాడు పొద్దున తిరగరాసిన సందర్భాలు రెండు వారాల్లో మూడు ఉన్నాయి. రాసినప్పుడూ, తిరగరాసినప్పుడూ నాకు "ప" పడింది, పని మాత్రం ఒక్కటే.

ఇది నా ఒక్కడి బలహీనత కాదు. స్టాన్‌ఫోర్డ్ ఆర్థికవేత్త జాన్ పెన్‌కావెల్ మొదటి ప్రపంచ యుద్ధం నాటి బ్రిటన్ మందుగుండు ఫ్యాక్టరీల రికార్డులు తిరగేసి 2014లో ఒక పరిశోధన ప్రచురించారు. వారానికి సుమారు 50 గంటలు దాటాక ఉత్పత్తి పెరిగే వేగం తగ్గిపోయింది. 70 గంటలు పనిచేసినవాళ్ళ ఉత్పత్తికీ 56 గంటల వాళ్ళ ఉత్పత్తికీ పెద్ద తేడా లేదు. గుండ్లు తయారుచేసే పని వేరు, మన పని వేరు అనొచ్చు. ఒప్పుకుంటాను. కానీ అలసిన చెయ్యి కంటే అలసిన బుర్ర ఎక్కువ తప్పులు చేస్తుందనే నా అనుమానం.

ఒంటి సంగతి ఇంకా సూటిగా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో చెప్పిన లెక్క ప్రకారం, వారానికి 55 గంటలు లేదా అంతకుమించి పనిచేసేవాళ్ళకి, 35 నుంచి 40 గంటలు పనిచేసేవాళ్ళతో పోలిస్తే పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెకి రక్తం అందని జబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. నా 64 పక్కన ఈ అంకెలు రాసిపెట్టుకున్నాను.

ఇక్కడ ఒక మాట. మేం తినే మెస్సు ఓనరు నెల్లూరాయన. పొద్దున ఆరుకి షట్టర్ ఎత్తితే రాత్రి పదకొండుకి దించుతారు. ఆయన్ని చూపించి నాకు పాఠం చెప్పినవాళ్ళున్నారు. కానీ ఆయన మధ్యాహ్నం మూడు నుంచి ఐదు దాకా బియ్యం బస్తాల పక్కన చాప వేసుకుని నిద్రపోతారు, ఎవరినీ అడగరు. గల్లాపెట్టె ఆయనది. కంపెనీ పెట్టినవాళ్ళ 70 గంటలూ అలాంటివే, సొంత పొలం దుక్కి. మన ఊళ్ళలో రోజుకూలికీ గుత్తకీ తేడా అందరికీ తెలుసు. మనం రోజుకూలికి వచ్చామనుకుంటాం, వాళ్ళు మనల్ని గుత్తకి మాట్లాడుకున్నామనుకుంటారు. పేచీ అంతా అక్కడే.

4. కాగితాలు ఒకసారి చదవండి

ఆఫర్ లెటర్‌లో పనిగంటలు, కాంప్ ఆఫ్ (సెలవు రోజు చేసిన పనికి బదులు సెలవు), ఆన్‌కాల్ అలవెన్సు (ఎప్పుడు పిలిచినా పనికి దిగేలా ఉన్నందుకు డబ్బు), నోటీస్ పీరియడ్ గురించి ఏముందో చూడండి. కర్ణాటకలో దుకాణాలు, వాణిజ్య సంస్థల చట్టం 1961 నాటిది. అందులో మామూలు పని రోజుకి 9 గంటలు, వారానికి 48. ఓవర్‌టైమ్‌తో కలిపి రోజుకి 10 గంటలు, ఆ ఓవర్‌టైమ్‌కి రెట్టింపు కూలి. మేనేజ్‌మెంట్ హోదాలో ఉన్నవాళ్ళకి ఇది వర్తించదు, అందుకే మీ హోదా పేరేమిటో కూడా చూడండి. ఈ పరిమితుల్ని పెంచాలన్న ప్రతిపాదనలు 2024లోనూ 2025లోనూ వచ్చాయి. కర్ణాటక ఐటీ ఉద్యోగుల సంఘం రోడ్డెక్కింది. కాబట్టి వార్తల మీద ఒక కన్నేసి ఉంచండి.

చట్టం తెలిసింది కదా అని దాన్ని మేనేజర్ ముందు పరచకండి. అది చివరి ఆయుధం.

5. నోరు విప్పండి, కానీ లెక్కతో

బెంగళూరులో మనకో ప్రత్యేకమైన చిక్కుంది. మేనేజర్ తెలుగాయనే అయితే కాదనడం ఇంకా కష్టం. మా టీమ్ లీడ్‌ది ఒంగోలు. "తమ్ముడూ, మనోడివి కాబట్టి అడుగుతున్నా, ఈ ఒక్క శనివారం చూసుకో" అనేవారు. నేను "సరే అన్నా" అనేవాణ్ణి. మా టీమ్‌లోని తమిళ అబ్బాయికి అడ్డురాని శనివారం నాకు మాత్రం ఎప్పుడూ తగిలేది. ఆరున్నరకి బ్యాగు సర్దితే, "ఏంటి, ఇవాళ హాఫ్ డేనా?" అని పక్క సీట్లోంచి జోకు. ఈ జోకుకి జవాబు ఆలోచించకండి, నవ్వి వెళ్ళిపోండి. నాలుగో వారానికి వాళ్ళకే విసుగొస్తుంది.

లీడ్‌తో మాత్రం మాట్లాడాలి. శుక్రవారం సాయంత్రం వద్దు, కొత్త సాఫ్ట్‌వేర్ బయటికి వదిలే రిలీజ్ వారంలో అసలే వద్దు. మంగళ, బుధవారాల్లో పొద్దున, టీ దగ్గర. "చాలా పని ఉందన్నా" అంటే "అందరికీ ఉంది" అన్న జవాబు వస్తుంది. నేను నోట్‌బుక్ తీసి చూపించాను.

"అన్నా, వారానికి 13 గంటలు నేను అప్రూవల్స్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటున్నాను. ఇవి మధ్యాహ్నం మూడులోపు వస్తే రాత్రి కూర్చోవాల్సిన పని లేదు."

ఆయన రెండు పేజీలు తిప్పారు. "ఇందులో ‘క’ అంటే ఏంటి?" అన్నారు.

"మీరు వెళ్ళేదాకా కూర్చోవడం అన్నా."

"నేను మీరందరూ ఉన్నారని కూర్చుంటున్నా కదరా!"

అందరు లీడ్‌లూ ఇలా ఉండరు. ఉండకపోతే ఈ వాక్యాలు దగ్గర పెట్టుకోండి. కొత్త పని ఇచ్చినప్పుడు, "చేస్తాను. దీనికోసం ఇప్పుడున్న వాటిలో దేన్ని వెనక్కి జరపమంటారు?" రాత్రి ఎనిమిదికి మెసేజ్ వస్తే, "చూశాను, రేపు పదకొండులోపు ఇస్తాను." కాదు అన్న మాట ఎక్కడా లేదు చూడండి. టైము మాత్రం మీరు చెప్పారు. చెప్పిన టైముకి ఇవ్వడం మాత్రం తప్పకూడదు. రెండుసార్లు తప్పితే ఈ పద్ధతి ఇక పనిచేయదు.

6. అమెరికా గడియారానికి గిరి గీయండి

అమెరికా టీమ్‌లతో రాత్రి కాల్స్‌లో సగం అలవాటుగా ఎవరో ఎప్పుడో పెట్టి వదిలేసినవి. కాలిఫోర్నియాలో ఉదయం ఎనిమిది అంటే మనకి ఎండాకాలంలో రాత్రి ఎనిమిదిన్నర. నవంబరు మొదట్లో వాళ్ళు గడియారం వెనక్కి తిప్పగానే అదే కాల్ తొమ్మిదిన్నర అవుతుంది. మనం ఏమీ అనకుండా గంట ఇచ్చేస్తాం, మార్చి దాకా. అక్టోబరు చివర్లోనే "చలికాలం అంతా కాల్ ఒక గంట ముందుకి జరుపుదామా?" అని మెయిల్ పెట్టండి. వాళ్ళకి ఉదయం ఏడు అవుతుంది, కొందరు ఒప్పుకోరు. అప్పుడు వారానికి ఐదు కాల్స్‌ని రెండు చేసి, మిగతా మూడు రోజులు రాసి పంపుతామనండి. న్యూయార్క్ టీమ్ అయితే ఇంత గొడవ లేదు, అక్కడి ఉదయం తొమ్మిది మనకి ఆరున్నరో ఏడున్నరో.

రాత్రి పదిన్నర దాకా కాల్ ఉన్న రోజు మర్నాడు పదకొండున్నరకి వస్తానని క్యాలెండర్‌లో పెట్టేయండి. నోటితో చెప్పింది ఎవరికీ గుర్తుండదు.

ఇంటి నుంచి పనిచేసే వీలుంటే ఔటర్ రింగ్ రోడ్ మీద ఎక్కువ నలిగే రోజుల్ని దానికి ఎంచుకోండి. వైట్‌ఫీల్డ్ వాళ్ళకి 2023 నుంచి మెట్రో పర్పుల్ లైన్ పూర్తిగా ఉంది, ఎలక్ట్రానిక్ సిటీ వాళ్ళకి 2025 ఆగస్టు నుంచి ఎల్లో లైన్ వచ్చింది. బెళ్ళందూరు వైపు ఉద్యోగాలు చేసేవాళ్ళకి మెట్రో స్తంభాలు చూసుకుంటూ వెళ్ళడమే ప్రస్తుతానికి.

7. గిట్టే గంటలు ఉంటే ఇవ్వండి

అన్ని గంటలూ దండగ అనడం నా ఉద్దేశం కాదు. ఉద్యోగంలో మొదటి ఏడాదిన్నర, ఒక మంచి సీనియర్ పక్కన కూర్చుని సర్వర్ ఎందుకు పడిపోయిందో రాత్రి ఒంటిగంట దాకా వెతికిన రోజులే ఇప్పటికీ నాకు అన్నం పెడుతున్నాయి. షేర్లు చేతికి ఇచ్చిన స్టార్టప్, రిలీజ్ వారం, ఆన్‌కాల్‌కి విడిగా డబ్బు, ఇవన్నీ ఆలోచించదగ్గవే. ముందే మూడు ప్రశ్నలు అడగండి: ఎన్ని రోజులు, ఎప్పటితో ముగుస్తుంది, బదులుగా ఏమిస్తారు. కాంప్ ఆఫ్ ఇస్తామంటే తేదీతో సహా మెయిల్‌లో తీసుకోండి. నాకు బాకీ ఉన్న పదకొండు కాంప్ ఆఫ్‌లు పాత కంపెనీలోనే సమాధి అయ్యాయి.

8. మూడు నెలల్లో మారకపోతే

ఆరు నెలల ఖర్చుకి సరిపడా డబ్బు పక్కన పెట్టడం మొదలుపెట్టండి. నోటీస్ 90 రోజులైతే కొత్త కంపెనీ బయౌట్ (ముందే వదిలేందుకు పాత కంపెనీకి కట్టాల్సిన డబ్బు) ఇస్తుందో లేదో ఇంటర్వ్యూలోనే కనుక్కోండి. ఛాతీలో నొప్పి వచ్చినా, చెయ్యి మొద్దుబారినా గ్యాస్ అనుకుని కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. ఆదివారం సాయంత్రం నుంచే టెన్షన్ మొదలై నిద్ర పట్టకపోతే 14416కి ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్, ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.

మూడు నెలల తర్వాత నా పద్దు ఇలా ఉంది: పని 49, వారానికి రెండు రోజులు ఇంటి నుంచే కాబట్టి ప్రయాణం 7, మొత్తం 56. అదనపు ఖర్చు ఆరు వేలకి దిగింది. గంట ధర 272. రేటింగ్ తగ్గలేదు, పెరగనూ లేదు. ఒక మాడ్యూల్ లీడ్ అవకాశం మాత్రం రాత్రిళ్ళు కూర్చునే అతనికి వెళ్ళింది, అందుకు వారం రోజులు బాధపడ్డాను. ఈసారి అంకె నాయనకి చెప్పాను. "ఇంకా ట్రాక్టరే మేలు" అన్నారు.

నోట్‌బుక్ పారేయకండి. నవంబరులో అమెరికా గడియారం మారిన వారం నుంచి మళ్ళీ రెండు వారాలు రాయండి.