గ్యాస్‌ని ద్రవంగా మార్చాలా? నొక్కే ముందు ఉష్ణోగ్రత చూడండి

గ్యాస్‌ని గట్టిగా నొక్కితే చాలు, ద్రవమైపోతుందని నేనూ చాలాకాలం అనుకున్నా. కాదు. ప్రతి గ్యాస్‌కీ ఒక సందిగ్ధ ఉష్ణోగ్రత ఉంటుంది, అంతకన్నా వేడిగా ఉన్నంతసేపూ ఎంత నొక్కినా అది ద్రవం కాదు. కార్బన్ డయాక్సైడ్‌కి అది 31 డిగ్రీల సెల్సియస్, అందుకే మామూలు గదిలోనే సిలిండర్‌లో ద్రవంగా పడి ఉంటుంది. నైట్రోజన్‌కైతే మైనస్ 147. కాబట్టి ముందు చల్లబరచాలి.

సైకిల్ పంపు గబగబా కొట్టి దాని అడుగుభాగం పట్టుకోండి, చెయ్యి చురుక్కుమంటుంది. మీరు పడ్డ శ్రమ గాలికి వేడిగా చేరింది. పెద్ద యంత్రంలోనూ అంతే, నొక్కగానే పుట్టిన ఆ వేడిని ముందు నీళ్లతో లాగేయాలి. తర్వాత ఆ గాలిని సన్నటి రంధ్రం గుండా తక్కువ పీడనంలోకి వదలాలి. అణువులు ఒకదాన్నొకటి లాక్కుంటుంటాయి కదా, విడిపడి దూరం జరగాలంటే ఆ లాగుడుకి ఎదురెళ్లాలి, ఆ ఖర్చు వాటి వేగంలోంచే పోతుంది, గాలి చల్లబడుతుంది. ఇదే జౌల్-థామ్సన్ ఫలితం.

అయితే గది ఉష్ణోగ్రత దగ్గర ఒక అట్మాస్ఫియర్, అంటే మన చుట్టూ గాలికుండే పీడనమంత తగ్గితే గాలి చల్లబడేది దాదాపు పావు డిగ్రీ మాత్రమే. ఒక్కసారికి ఏమీ కాదు. అందుకని చల్లబడిన గాలిని, లోపలికొచ్చే గొట్టం చుట్టూ వెనక్కి తిప్పండి. వచ్చేది ఇంకాస్త చల్లగా వస్తుంది, వదిలాక ఇంకా చల్లబడుతుంది, అలా తిరిగి తిరిగి చివరికి చుక్కలు పడతాయి. 1895లో జర్మన్ ఇంజినీరు లిండే గాలిని ద్రవం చేసింది ఇలాగే. తేమ, కార్బన్ డయాక్సైడ్ ముందే తీసేయడం మర్చిపోవద్దు, లేకపోతే గడ్డకట్టి రంధ్రం మూసుకుపోతుంది.

అసలు తిరకాసు హైడ్రోజన్‌తో. గది ఉష్ణోగ్రతలో దాన్ని రంధ్రం గుండా వదిలితే చల్లబడదు సరికదా, కొంచెం వేడెక్కుతుంది! అక్కడ అణువుల మధ్య లాగుడు కన్నా నెట్టుడుదే పైచేయి. దాదాపు మైనస్ 70 కిందికి తెచ్చాకే అది దారికొస్తుంది, దీన్నే విలోమ ఉష్ణోగ్రత అంటారు. కాబట్టి ముందు ద్రవ నైట్రోజన్‌తో, అంటే మైనస్ 196 దగ్గర చల్లార్చి, తర్వాత వదలాలి. హీలియం ఇంకా మొండిది, దానికి ద్రవ హైడ్రోజన్ కావాలి. 1908లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో భౌతిక శాస్త్రవేత్త కామెర్లింగ్ ఓనెస్ అలాగే దాన్ని మైనస్ 269 దగ్గర ద్రవంగా పట్టాడు.

ద్రవం చేతికొచ్చాక పాత్ర మూత మాత్రం గట్టిగా బిగించొద్దు. ఒక లీటరు ద్రవ నైట్రోజన్ ఆవిరైతే దాదాపు 700 లీటర్ల గ్యాస్ అవుతుంది, పోవడానికి దారి లేకపోతే పాత్ర పేలుతుంది.