ఎండాకాలం క్రికెట్ టోర్నమెంట్లు: ఒంట్లో నీరు తగ్గినప్పుడు కనిపించే సమస్యలు, వాటి పరిష్కారాలు

మే నెలలో ఎండ 45 డిగ్రీలకు చేరడం కొత్తేమీ కాని రెంటచింతల, రామగుండం వంటి ప్రాంతాల్లో కూడా సెలవుల టెన్నిస్ బంతి టోర్నమెంట్లు ఆగవు. గెలిచిన జట్టు ఒక్క రోజులోనే మూడు మ్యాచ్‌లు ఆడవలసి వస్తుంది కనుక, మొదటి మ్యాచ్‌లో పోయిన నీరు పూడకముందే రెండవది మొదలవుతుంది. చాలా ఇబ్బందులకు మూలం అక్కడే ఉంది.

సమస్య: టాస్ కూడా పడకముందే మూత్రం ముదురు పసుపు రంగులో, కొద్దిగానే వస్తోంది.

రాత్రి ప్రయాణం చేసి, తెల్లవారుజామున ఒక టీతో సరిపెట్టుకుని మైదానానికి వచ్చిన ఆటగాడు లోటుతోనే ఆట మొదలుపెడతాడు. ముందు రోజు రాత్రి భోజనంతో పాటు తగినన్ని నీళ్లు తాగి, మ్యాచ్‌కు రెండు మూడు గంటల ముందు మరో 300 నుంచి 400 మిల్లీలీటర్లు నెమ్మదిగా తాగాలి. బి-కాంప్లెక్స్ మాత్రలు వేసుకునేవారికి మూత్రం ఎలాగూ పచ్చగానే వస్తుంది కాబట్టి, వారు రంగును నమ్ముకోకూడదు.

సమస్య: రెండవ మ్యాచ్‌లో పిక్కలు, తొడలు పట్టేస్తున్నాయి, నీళ్లు తాగుతున్నా తగ్గడం లేదు.

కండరాలు పట్టేయడానికి అలసటే ప్రధాన కారణమని కొందరు, చెమటతో పోయిన ఉప్పు అని మరికొందరు నిపుణులు అంటారు. ఆరిన టోపీ అంచున, జెర్సీ వీపున తెల్లటి ఉప్పు చారలు కట్టేవారి విషయంలో మాత్రం ఉప్పును అనుమానించడం సబబు. పట్టేసిన కండరాన్ని ముందు మెల్లగా సాగదీసి పట్టుకోవాలి, ఆ తర్వాత ఉప్పు వేసిన మజ్జిగ గానీ ఓఆర్‌ఎస్ గానీ తాగాలి. కొబ్బరినీళ్లు మంచివే, అయితే వాటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ కనుక చెమట ఉప్పును అవి పూర్తిగా పూడ్చలేవు.

ఎంత తాగాలన్నది ఊహకు వదిలేయవలసిన విషయం కాదు. ఒకసారి మా జట్టు పేస్ బౌలర్‌ను మైదానం పక్కనే ఉన్న ఎరువుల దుకాణం కాటాపై మ్యాచ్‌కు ముందు, తర్వాత తూచాము: 62 కిలోల మనిషి 60.5కు దిగాడు. మధ్యలో అతడు అర లీటరు తాగాడు కూడా, అంటే చెమటగా పోయింది దాదాపు రెండు లీటర్లు. తగ్గిన ప్రతి కిలోకు లీటరుంపావు నుంచి లీటరున్నర వరకు, ఒకేసారి కాకుండా తదుపరి మ్యాచ్‌లోపు విడతలుగా తాగాలి. శరీర బరువులో రెండు శాతం తగ్గితేనే ఆట మందగిస్తుంది. మా బౌలర్ అప్పటికే ఆ గీత దాటాడు.

ఓఆర్‌ఎస్ విషయంలో ఒక జాగ్రత్త అవసరం. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు నీటికి ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5 గ్రాములు, పొటాషియం క్లోరైడు 1.5 గ్రాములు, ట్రైసోడియం సిట్రేటు 2.9 గ్రాములు ఉండాలి. ఈ సూత్రానికి సరిపడని తీపి పానీయాలు కూడా ఓఆర్‌ఎస్ పేరుతో అమ్ముడవుతుండడంతో, వాటిపై ఆ మాట వాడకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించింది. లీటరు పొట్లాన్ని సగం నీటిలో కలిపి ‘ఘాటుగా’ తాగడం మన కుర్రాళ్లకు అలవాటు. అది మేలు కన్నా కీడే చేస్తుంది. పొట్లం దొరకకపోతే లీటరు నీటికి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, రెండూ టీ చెంచాతో తలకొట్టి కొలిచి కలపాలి. రక్తపోటు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు వైద్యుడిని అడిగిన తర్వాతే ఉప్పు పెంచాలి.

సమస్య: సీసాల కొద్దీ నీళ్లు తాగాడు, అయినా తలనొప్పి, వాంతులు, తికమక.

దాహం లేకపోయినా భయంతో ఉత్త నీళ్లు తాగుతూ పోతే రక్తంలో సోడియం పలచబడుతుంది. ఆటకు ముందుకన్నా బరువు పెరిగి ఉంటే ఈ అనుమానం బలపడుతుంది. ఇంకా నీళ్లు తాగించడం ఇక్కడ ప్రమాదకరం కనుక, ఆపించి నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

సమస్య: ఆటగాడు తూలుతున్నాడు, పొంతన లేకుండా మాట్లాడుతున్నాడు, ఒళ్లు కాలిపోతోంది.

ఇది వడదెబ్బ. చెమట పడుతోంది కదా, వడదెబ్బ కాదులే అనుకోకూడదు. ఆటలో వచ్చే వడదెబ్బలో చెమట ఉండవచ్చు. శరీరం లోపలి వేడి 40 డిగ్రీలు దాటి మెదడు దెబ్బతినే స్థితి అది కనుక, ఒకరు 108కు ఫోన్ చేస్తుండగానే మిగతావారు అతడిని నీడలోకి చేర్చి, బూట్లు, జెర్సీ విప్పి, ఒళ్లంతా చల్లని నీళ్లు పోస్తూ విసరాలి. స్పృహ సరిగా లేనప్పుడు నోట్లో నీళ్లు పోయకూడదు. అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. కూల్‌డ్రింకుల కోసం టెంటు వెనుక తెప్పించి పెట్టిన ఐసు దిమ్మెను పగలగొట్టి, తువ్వాళ్లలో చుట్టి మెడ, చంకలు, గజ్జల్లో పెట్టి, అంబులెన్సు వచ్చేదాకా నీళ్లు పోయడం ఆపకూడదు.