పాత నేత చీరలతో అమెరికాలో క్విల్ట్ కుట్టడం ఎలా?

మన ఇళ్ళలో బొంత కుట్టేటప్పుడు నాలుగైదు పాత చీరలు పొరలుగా పరిచి టాకాలు వేస్తారు. పొరలన్నీ ఒకే రకం కాబట్టి కలిసి కదులుతాయి, కలిసి ముడుచుకుంటాయి. క్విల్ట్‌లో అలా కాదు. పైన ముక్కలు అతికిన గుడ్డ, మధ్యలో బ్యాటింగ్ అనే దూది పొర, కింద అడుగు గుడ్డ. మూడింటిదీ మూడు స్వభావాలు. తొలి క్విల్ట్‌లు ఎక్కువగా చెడిపోయేది ఈ మూడింటినీ కలిపే దగ్గరే. అందుకే మిగతావి క్లుప్తంగా చెప్పి అక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

కావలసినవి: 45 మిల్లీమీటర్ల రోటరీ కట్టర్ (చక్రంలాంటి బ్లేడున్న కత్తి), కోసేటప్పుడు కింద పరిచే మ్యాట్, 6×24 అంగుళాల స్కేలు, 50 వెయిట్ (దారం సన్నదనం కొలత) నూలు దారం, 80/12, 90/14 సైజుల మిషన్ సూదులు, 250 వంపు పిన్నీసులు, మిషన్‌కు వాకింగ్ ఫుట్ (పై, కింది పొరలను కలిపి ముందుకు జరిపే పాదం). ఇండియా నుంచి మిషన్ మోసుకెళ్ళకండి. దాని మోటారు 220 వోల్టులది, అక్కడ ప్లగ్గులో వచ్చేది 120.

60×60 అంగుళాల క్విల్ట్‌కు పైపొర కోసం నాలుగు చీరలు చాలు. మంగళగిరి నూలు చీరలు దీనికి బాగా నప్పుతాయి. వెంకటగిరి మరీ పల్చన, మొదటి క్విల్ట్‌కు వద్దు. గుడ్డను వెలుతురుకు పట్టి చూడండి, రెండు బొటనవేళ్ళతో లాగండి. పిగిలితే పక్కన పెట్టేయాలి. తడిపిన తెల్లగుడ్డతో రుద్ది రంగు దిగుతుందేమో కూడా చూసుకోవాలి.

ఉతికి ఆరేశాక గంజి పెట్టాలి. ఇది తప్పనిసరి. రెండు కప్పుల నీళ్ళకు ఒక టేబుల్ స్పూన్ కార్న్ స్టార్చ్ చొప్పున చల్లటి నీళ్ళలోనే ఉండలు లేకుండా కలిపి, తర్వాత కాచాలి. చాలామంది చీర వెనక ఇస్త్రీతో అతుక్కునే లైనింగ్ వేస్తారు. దానితో మెత్తటి చీర అట్టలా తయారవుతుంది, ఎన్ని ఉతుకులకైనా అలాగే ఉంటుంది. గంజి అయితే కోతకూ కుట్టుకూ బిగువునిచ్చి, మొదటి ఉతుకులో పోతుంది.

జరీ అంచు తీసేయండి. నకిలీ జరీ ఇస్త్రీ వేడికి ముడుచుకుంటుంది, ఒంటికీ గుచ్చుకుంటుంది. ఒక్కో చీరలో 6½ అంగుళాల చదరాలు అడ్డంగా ఐదు, నిలువుగా ఐదు కోయండి. గజంలోపు గుడ్డ సరిపోతుంది. నాలుగు చీరలకు వంద చదరాలు, అంటే పదేసి చొప్పున పది వరసలు. కుట్టు అంచు పావు అంగుళమే ఉండాలి. ముందు రెండు చదరాలు కలిపి కుట్టి, ఇస్త్రీ చేసి కొలవండి. 12½ అంగుళాలు రావాలి. కుట్టుకు అరపావు అంగుళం తగ్గినా తొమ్మిది కుట్లున్న వరస అంగుళానికి పైగా పొట్టిదవుతుంది. అతుకులను ఒక వరసలో కుడికి, తర్వాతి వరసలో ఎడమకు మడిచి ఇస్త్రీ చేస్తే మూలలు ఒకదానిలో ఒకటి ఒదుగుతాయి.

ఇక అసలు పని, మూడు పొరలు పరచడం. అడుగు గుడ్డ పైపొర కన్నా నాలుగు వైపులా నాలుగేసి అంగుళాలు పెద్దదిగా, అంటే 68×68 ఉండాలి. ఒక చీర వెడల్పు చాలదు. రెండు ముక్కలు అతకాల్సిందే, అతికే ముందు అంచులు కోసేయాల్సిందే. బ్యాటింగ్ 80 పాళ్ళు నూలు, 20 పాళ్ళు పాలియెస్టర్ ఉన్నది తీసుకోండి. 72×90 అంగుళాల ట్విన్ (ఒంటి మంచం సైజు) ప్యాకెట్ సరిపోతుంది. పూర్తి పాలియెస్టర్ వద్దు, పల్చటి చీర నేతలోంచి దాని నూగు పైకి వస్తుంది. మడతల గీతలు పోవడానికి ముందురోజు రాత్రే విప్పి పరచాలి.

అపార్ట్‌మెంట్లలో తివాచీ మీద ఈ పని చేయకండి. అడుగు గుడ్డను నేలకు పట్టి ఉంచే టేపు అతుక్కోదు, పిన్నీసులు తివాచీని పట్టుకుంటాయి. టైల్స్ నేల కానీ, రెండు బల్లలు జరిపి బైండర్ క్లిప్పులు కానీ వాడండి. చాలా ఊళ్ళలో పబ్లిక్ లైబ్రరీ మీటింగ్ గదిలో పెద్ద బల్లలు దొరుకుతాయి.

అడుగు గుడ్డను బోర్లా పరిచి, ముందు నాలుగు వైపుల మధ్యలో, తర్వాత మూలల్లో టేపు వేయాలి. ముడత లేకుండా ఉంటే చాలు. మంచానికి నవారు బిగించినట్టు లాగారంటే టేపు తీయగానే గుడ్డ వెనక్కి ముడుచుకుంటుంది. వెనక కుచ్చులు పడేది ఇందువల్లే, నింద మాత్రం మిషన్ మీద పడుతుంది. బ్యాటింగ్‌ను మధ్య నుంచి బయటికి అరచేత్తో నిమరండి, లాగకండి. పైపొరను నాలుగు మడతలు పెట్టి మధ్య బిందువు కలిపి విప్పుకుంటూ పరవండి.

పిన్నీసులు మధ్య నుంచి మొదలుపెట్టి పిడికిలి దూరానికి ఒకటి గుచ్చాలి. అన్నీ గుచ్చడం పూర్తయ్యేదాకా ఏదీ మూయకూడదు. మూసేటప్పుడు గుడ్డ కాస్త పైకి లేస్తుంది, ఒక్కొక్కటీ మూసుకుంటూ పోతే ఆ వదులంతా అంచుకు చేరుతుంది. తర్వాత టేపు తీసి వెనక్కి తిప్పి చూడండి. ఒక్క ముడతున్నా విప్పి మళ్ళీ పరవాలి. ముడత మీద కుట్టేస్తే కుట్లు ఊడదీయడం తప్ప మార్గం లేదు. పిన్నీసుల బదులు జిగురు స్ప్రే వాడితే పని త్వరగా అవుతుందంటారు. చలికాలంలో కిటికీలు మూసిన ఇంట్లో అది పీల్చాల్సి వస్తుంది, పైగా మెత్తటి చీరను ఎత్తి మళ్ళీ అతికించినప్పుడల్లా చీర సాగుతుంది.

కుట్టేటప్పుడు సూది 90/14, కుట్టు పొడవు 3 మిల్లీమీటర్లు. మధ్య వరసతో మొదలుపెట్టి, మూడు పొరలనూ కలిపే కుట్టు గీతలన్నీ ఒకే వైపు నుంచి కుట్టండి. ఒకటి కిందికి, ఇంకొకటి పైకి కుడితే పొరలు మెలి తిరుగుతాయి. గీతల మధ్య మూడు అంగుళాలు మించకూడదు, మించితే పాత గుడ్డ అతుకుల దగ్గరే చిరుగుతుంది. అడ్డొచ్చిన పిన్నీసులు ముందే తీసేయండి.

బైండింగ్‌కు, అంటే క్విల్ట్ అంచుల చుట్టూ కుట్టే గుడ్డకు, 2½ అంగుళాల పట్టీలు ఏడు. ఏటవాలుగా అతికి, నిలువునా మడిచి కుట్టండి. మూలకు పావు అంగుళం ముందే ఆగి తిప్పాలి. పూర్తయ్యాక చల్లటి నీళ్ళలో ఉతికి గంజి వదిలించాకే బీరువాలో పెట్టండి, గంజి గుడ్డకు పురుగు పడుతుంది.