శబ్దం వస్తోంది, బొమ్మ రావట్లేదు: నా అనుభవం
అక్క కూతురి ఓణీల ఫంక్షన్ వీడియోలు పెన్‌డ్రైవ్‌లో వేసి అమ్మావాళ్ల పాత టీవీకి పెడితే, సన్నాయి వినపడుతోంది గానీ బొమ్మ లేదు. ల్యాప్‌టాప్‌లో వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్ మాత్రం చక్కగా చూపిస్తోంది, అంటే ఫైలు పాడవలేదు. అందులోనే కంట్రోల్, జే కలిపి నొక్కితే కోడెక్ (వీడియోని కుదించే పద్ధతి) వివరాలొచ్చాయి: హెచ్ఈవీసీ. ఫైలు పేరు చివర ఎంపీ4 అని ఉన్నా అది పైన డబ్బా మాత్రమే, లోపల వీడియోని ఏ పద్ధతిలో కుదించారన్నదే అసలు సంగతి. హెచ్ఈవీసీ 2013లో వచ్చింది. పాత టీవీలు చాలావాటికి 2003 నాటి హెచ్.264 దాకానే తెలుసు. పేరు మారిస్తే ఏ లాభమూ ఉండదు.

ఉచితంగా దొరికే హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్చే సాఫ్ట్‌వేర్‌లో ఫైలు తెరిచి, హెచ్.264లోకి మార్చే ఫాస్ట్ 1080పీ30 అనే సెట్టింగ్ ఎంచుకుని స్టార్ట్ నొక్కాను. కొత్త ఫైలు టీవీలో హాయిగా ఆడింది. ఒరిజినల్ మాత్రం దయచేసి చెరపకండి, మార్చిన ప్రతిసారీ నాణ్యత కొంత పోతుంది.