రాంగ్ పార్కింగ్ చలాన్ వస్తే ఏం చేయాలి?

హైదరాబాద్‌లో కోఠి, అమీర్‌పేట వంటి రద్దీ ప్రాంతాల్లో ఐదు నిమిషాల పని అనుకుని దుకాణంలోకి వెళ్లి వచ్చేసరికి పెట్టిన చోట బండి లేకపోవడం, లేదా నాలుగు రోజుల తర్వాత ఫోనుకు చలాన్ సందేశం రావడం చాలామందికి అనుభవమే. ఆ కంగారులో చాలామంది ముందు డబ్బు కట్టేసి, ఆ తర్వాత ఫోటో చూస్తారు. నిజానికి చేయవలసింది దీనికి తలకిందులుగా.

బండి కనిపించకపోతే ముందుగా పక్కనున్న తోపుడుబండి వారినో, పాన్‌డబ్బా వారినో క్రేన్ వచ్చిందా అని అడగాలి. పోలీసుల కన్నా ముందు వారికే తెలుస్తుంది. రాలేదంటే వెంటనే 100కు ఫోన్ చేయాలి. పార్కింగ్ నిషేధించిన చోట నిలిపిన వాహనాన్ని తరలించడానికైనా, చక్రానికి తాళం వేయడానికైనా మోటారు వాహనాల చట్టం 127వ సెక్షన్ యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారికి అధికారం ఇస్తుంది. ఆ ఖర్చు యజమానిదే. బండిని క్రేన్ తీసుకెళ్లి ఉంటే ఆర్‌సీ, లైసెన్సు తీసుకుని దాన్ని ఉంచిన చోటికి వెళ్లి, బండిని బయటికి తీయకముందే అద్దాలు, ఫుట్‌రెస్టు, బంపరు చూసుకోవాలి. గీతలు, సొట్టలు ఏవైనా కొత్తగా పడి ఉంటే అక్కడే ఫోటో తీసి, అక్కడి సిబ్బందికి చూపించాలి. ఇంటికి చేరాక చెబితే నమ్మేవారు ఉండరు. చక్రానికి తాళం పడితే దాన్ని సొంతంగా ఊడదీసే ప్రయత్నం చేయకూడదు.

చలాన్ సందేశంగా వస్తే అందులోని లింకును నొక్కకూడదు. చలాన్ పేరుతో వాట్సాప్‌లో ఏపీకే ఫైళ్లు (ఫోన్లో యాప్‌ను ఇన్‌స్టాల్ చేసే ఫైళ్లు) పంపి బ్యాంకు ఖాతాలు ఖాళీ చేసే మోసాలు జరుగుతున్నాయి. తెలంగాణ పోలీసు శాఖ ఈ-చలాన్ వెబ్‌సైట్‌ను మీరే తెరిచి, బండి నంబరుతో వెతకాలి.

అసలు శ్రద్ధ పెట్టవలసింది అక్కడ కనిపించే ఫోటో మీద. దాన్ని పెద్దది చేసి నంబరు ప్లేటును ఒక్కొక్క అక్షరంగా చదవాలి. ఒకసారి నాకు వచ్చిన చలాన్‌లో బండి రంగు కూడా నాది కాదు. మట్టి పట్టిన ప్లేటు మీది 8ని ఎవరో 3గా చదివారు. తర్వాత తేదీ, సమయం, స్థలం సరిచూసుకోవాలి. కెమెరాలతో నమోదయ్యే ఉల్లంఘనలకు 2021 ఆగస్టులో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో తెచ్చిన 167ఎ నిబంధన ప్రకారం ఉల్లంఘనను, నంబరు ప్లేటును చూపే స్పష్టమైన ఫోటోతో పాటు ఈ వివరాలు, ఉల్లంఘించిన సెక్షన్ కూడా నోటీసులో ఉండాలి.

ఫోటోలో బండి మీదే అయి, కాలిబాట మీదో, బస్‌స్టాప్ దగ్గరో, మరో బండి పక్కన రెండో వరుసలోనో నిలిపి ఉంటే వాదన అనవసరం, కట్టేయడమే మంచిది. సెక్షన్ 177 కింద జరిమానా మొదటిసారి ₹500 వరకు, ఆ తర్వాత ₹1,500 వరకు ఉండవచ్చు. అయితే సెక్షన్ 200 ప్రకారం కోర్టుకు వెళ్లకుండా కట్టే రాజీ మొత్తాన్ని రాష్ట్ర ప్రభుత్వమే నిర్ణయిస్తుంది కనుక రాష్ట్రానికీ రాష్ట్రానికీ తేడా కనిపిస్తుంది. ఆ మొత్తం కట్టడమంటే వ్యవహారాన్ని అంతటితో ముగించుకోవడమే. అందుకే అభ్యంతరం ఉంటే కట్టకముందే చెప్పాలి: వెబ్‌సైట్‌లోని ఫిర్యాదు విభాగంలో చలాన్ నంబరు, మీ బండి ఫోటో, ఆర్‌సీ ప్రతి జతచేసి, తప్పు ఎక్కడుందో రెండు వాక్యాల్లో రాస్తే చాలు.

అమ్మేసిన బండికి చలాన్ వస్తే తప్పు చాలావరకు మనదే. రాష్ట్రం లోపలే అమ్మితే 14 రోజుల్లో ఫారం 29 ద్వారా రవాణా శాఖకు తెలపాలని చట్టం చెబుతోంది; రికార్డులో పేరు మారేదాకా చలాన్లు పాత యజమాని ఫోనుకే వస్తుంటాయి.

2022 మార్చిలో, మళ్లీ 2023 డిసెంబరులో తెలంగాణలో పెండింగ్ చలాన్లకు రాయితీ ఇచ్చారు. అప్పటినుంచి మరో రాయితీ కోసం ఎదురుచూసేవారు ఉన్నారు కానీ, తనిఖీలో బండి ఆపినప్పుడు పాత చలాన్లన్నీ ఒకేసారి బయటపడతాయి.

డబ్బు కట్టాక రసీదు దాచుకుని, రెండు మూడు రోజుల తర్వాత అదే వెబ్‌సైట్‌లో బండి నంబరు మళ్లీ కొట్టి, పెండింగ్ జాబితాలోంచి ఆ చలాన్ తొలగిందో లేదో చూసుకోవాలి.